తితిక్షయు, ఔషధమును

వ్యాధులలో రెండు తెగలు గలవు. కొన్ని వచ్చి, కొన్నాళ్ళు బాధించి, మందుతోనో కాలముతోనో తొలగిపోవును. మఱికొన్ని ఒకసారి ప్రవేశించిన పిమ్మట సామాన్యముగా జీవితాంతము వెన్నంటియుండును. మధుమేహము, ఉబ్బసము, కీళ్ళవాతము మొదలగునవి ఇట్టివి. జ్వరపీడితుడు “ఎన్నడు తగ్గును?” అని అడిగిన, వైద్యుడు ఇన్ని దినములని చెప్పగలడు. మధుమేహరోగి అదే ప్రశ్న అడిగిన, “అదుపులో నుంచుకొనవలయును” అని మాత్రమే చెప్పును. ఆ ఒక్క మాట విన్ననాటినుండి రోగి జీవితమున ఒక క్రొత్త అధ్యాయము ప్రారంభమగును. అట్టివాడు సాధకుడైనచో అతని కర్తవ్యమేమి? ఈ విషయమును కొంత విచారింతము.

మన ప్రాచీన వైద్యులు ఈ భేదమును చక్కగా నెఱిగియుండిరి. చరకసంహిత వ్యాధులను సుఖసాధ్యములు, కష్టసాధ్యములు, యాప్యములు, అసాధ్యములు అని విభజించినది. యాప్యమనగా సమూలముగా నశింపక, పథ్యౌషధములచే అణగియుండి, అవి తప్పినంతనే విజృంభించునట్టిది. ఇట్టి వ్యాధికి చేయు చికిత్సను సుశ్రుతుడు కూలబోవు ఇంటికి నిలిపిన ఊతకంబముతో పోల్చెను. కంబము ఇంటిని క్రొత్తదానినిగా చేయజాలదు; కాని దానిని తీసివేసిన ఇల్లు నిలువదు.

నేటి వైద్యము అనేక వ్యాధులను ఈ యాప్యకోటిలోనికి తెచ్చినది. 1921లో కెనడా దేశమందలి టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను కనుగొనిరి. మఱుసటి సంవత్సరము జనవరిలో ఒక బాలునకు అది మొదటిసారిగా ఈయబడినది. అంతకు పూర్వము బాల్యముననే మధుమేహము సోకినవారు అచిరకాలములో మరణించుచుండిరి. నేడు వారు దశాబ్దములు జీవించుచున్నారు. ఇది మానవజాతికి కలిగిన మహోపకారము. అయినను ఆ సుదీర్ఘజీవితమును మోయుటకు వలసిన మనోబలమును ఏ సూదిమందును ఈయజాలదు. దానిని మనమే సంపాదించుకొనవలయును.

రెండవ వ్యాధి

పతంజలి మహర్షి యోగమునకు తొమ్మిది అంతరాయములను చెప్పుచు వ్యాధిని మొట్టమొదట పేర్కొనెను. దాని వెంటనే స్త్యానమును, అనగా చిత్తము జడమైపోవుటను, పిదప సంశయమును చెప్పెను. ఈ క్రమము ఆలోచింపదగినది. దీర్ఘరోగి అనుభవమును పరిశీలించిన, అది సరిగా ఇట్లే నడచుచుండును. ప్రతిదినము అన్నము కొలుచుకొని తినవలయును. వేలినుండి రక్తపుబొట్టు తీసి చక్కెర చూచుకొనవలయును. వేళ తప్పక మాత్ర మ్రింగవలయును. ఇంత చేసినను ఒకనాడు చక్కెర అకారణముగా పెరిగి కనిపించును. అప్పుడు మనస్సు “ఇంత పాటుపడి ఏమి లాభము?” అని చతికిలబడును. ఇది స్త్యానము. “నేను చేసిన జపమేమయ్యెను? భగవంతుడు నన్ను మఱచెనా?” అని తరువాత తోచును. ఇది సంశయము. వ్యాధి శరీరమున నుండగనే, రెండవ వ్యాధి మనస్సున పుట్టినది.

బుద్ధభగవానుడు దీనినే రెండు బాణముల ఉపమానముతో బోధించెను. దేహబాధ మొదటి బాణము. దానినిగూర్చి మనస్సు పడు పరితాపము రెండవది. జ్ఞానికిని అజ్ఞానికిని మొదటి బాణము సమానమే. రెండవదానిచే గాయపడకుండుటలో జ్ఞాని విశేషము కలదు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. మధుమేహాది దీర్ఘరోగములు గలవారిలో మనోవ్యాకులత ఇతరులలోకంటె అధికముగా కానవచ్చునని వైద్యులు గుర్తించిరి. అది వారములతరబడి విడువక, నిద్రాహారములను చెఱచి, జీవితముపై విరక్తి పుట్టించినచో, దానిని భక్తిలోపమని భావించి దాచుకొనరాదు. దానికిని చికిత్స గలదు, వైద్యునకు చెప్పవలయును.

తితిక్ష యనగా నేమి?

సాధకులలో కొందఱు మఱియొక విధముగా పొరపడుదురు. తితిక్షకు వివేకచూడామణి చెప్పిన లక్షణములో ప్రతీకారము లేకుండుట, చింతావిలాపములు లేకుండుట అను అంశములు గలవు. ప్రతీకారము కూడదన్న మాటను పట్టుకొని, వీరు ఔషధసేవనమే దేహాభిమానమని తలంచి మందులు మానుదురు. లేదా, మందు వేసికొనుచునే ఏకాదశినాడు నిరాహారముగా నుందురు. ఇన్సులిన్‌గాని, కొన్ని రకముల మాత్రలుగాని తీసికొనువారు ఆహారము మానినచో రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. చెమట పట్టును, చేతులు వణకును, మతి తప్పును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే మోసము వచ్చును.

శాస్త్రాభిప్రాయము ఇదియా? కాదు. శ్రీ శంకరులదిగా ప్రసిద్ధమైన సాధనపంచకమున ఆకలియే ఒక వ్యాధిగా, భిక్షాన్నమే దానికి ఔషధముగా చెప్పబడినది. ఆకలి యను వ్యాధికి అన్నమను మందును అంగీకరించినవాడు, మధుమేహమునకు మాత్రను నిరాకరించుట ఎట్లు పొసగును? శరీరమును పీడించి, అందలి అంతర్యామినే బాధించు తపస్సును శ్రీకృష్ణభగవానుడు గీత పదునేడవ అధ్యాయమున ఆసురమని నిందించెను. వ్రతమునకు భంగము కలిగింపని ఎనిమిదింటిలో ఔషధమును చేర్చి మహాభారతము చెప్పుచున్నది. కనుక ఉపవాసవిషయమున వైద్యుని అడిగి నడచుకొనుట వ్రతలోపము కానేరదు.

మహాత్ముల జీవితములును దీనినే చాటుచున్నవి. శ్రీరామకృష్ణ పరమహంస 1885లో గొంతు వ్యాధికి లోనై, 1886 ఆగస్టులో మహాసమాధి నొందువఱకు వైద్యులను రానిచ్చిరి. డాక్టరు మహేంద్రలాల్ సర్కారు చికిత్స చేయుచుండగా ఆయనతో గంటలకొలది భగవద్విషయములు ముచ్చటించిరి. శ్రీ రమణ మహర్షి ఎడమచేతికి లేచిన కంతికి 1949లో పలుమారులు శస్త్రచికిత్స జరిగినది. స్వామి తురీయానంద మధుమేహముతో చిరకాలము బాధపడిరి. వ్రణములకు మత్తుమందు లేకుండ శస్త్రచికిత్స చేయించుకొనిన ఆ ధీరులు 1922 జూలైలో కాశీయందు దేహము చాలించిరి. వారి సహనము మన పూజకు పాత్రము. అనుకరణకు మాత్రము తగదు. వారును శస్త్రవైద్యుని నిరాకరింపలేదను సంగతి మఱువరాదు.

కావున తితిక్ష విడువుమన్న ప్రతీకారము మనస్సు చేయు తిరుగుబాటు. “నాకే ఏల?” అని దైవముపైనను, వైద్యునిపైనను, ఇంటివారిపైనను కలుగు రోషమే అది. మందు చేతితో తీసికొనుచు ఈ రోషమును మనస్సుతో విడుచుట తితిక్ష.

నిత్యసాధన

చరకసంహిత మంచి రోగికి నాలుగు గుణములు చెప్పినది: జ్ఞాపకశక్తి, వైద్యుని ఆజ్ఞ పాటించుట, నిర్భయత, తన బాధను ఉన్నదున్నట్లు తెలుపగలుగుట. ఈ నాలుగును సాధకగుణములే యని గ్రహించినచో చికిత్సయే సాధనగా మాఱును.

వేళకు మందు జ్ఞప్తికి తెచ్చుకొనునపుడు భగవన్నామమునుగూడ స్మరింపవలయును. అప్పుడు దినమునకు మూడు మాత్రలు మూడు సంధ్యలగును. నాలుక కోరినదానిని కాక విధింపబడినదానిని తినుట ఇంద్రియనిగ్రహము. నిన్న తిన్న మిఠాయిని వైద్యునివద్ద దాచకుండుట సత్యవ్రతము. చక్కెర ఎంతయున్నదో చూచుకొనునపుడు, ఆ అంకెను కర్మఫలముగా ఎంచవలయును. ప్రయత్నము మనది; ఫలము పూర్తిగా మన చేతిలో లేదు. అంకె తగ్గిననాడు గర్వింపక, పెరిగిననాడు క్రుంగక, మరునాటి పనిని శ్రద్ధతో చేయవలయును. కూర్చుండలేని దినమున పడుకొనియే మానసజపము చేయవచ్చును; నామమునకు ఆసననియమము లేదు.

రోగి చుట్టునున్నవారికిని ఒక ధర్మము గలదు. “ఏ జన్మలో ఏ పాపము చేసెనో!” అను మాట రోగి మంచమువద్ద పలుకరాదు. కర్మసిద్ధాంతము తన కష్టమును తాను ధైర్యముగా స్వీకరించుటకు చెప్పబడినదే కాని, పరుల కష్టమును తూచుటకు కాదు. మహాత్ముల దేహములకే వ్యాధులు వచ్చినప్పుడు, వ్యాధినిబట్టి ఒకని పుణ్యపాపములను నిర్ణయింప మన మెవరము? ఓపికతో చేసిన పరిచర్య భగవత్సేవయే యగును. పరిచర్య చేయువారుకూడ అలసిపోవుదురు గనుక, ఆ భారమును ఇంటివారందఱు పంచుకొనవలయును.

దేహము కొన్నాళ్ళుండు ఇల్లు. అందు నివసించు ఆత్మకు చక్కెర పెరుగుటయు లేదు, తగ్గుటయు లేదు. ఈ సత్యము అనుభవమునకు వచ్చువఱకు ఇంటిని కాపాడుకొనుట మన విధి. నేటి మందును నేడు తీసికొని, నేటి జపమును నేడు చేసి, రేపటి చింతను ఈశ్వరునికి అర్పింతము.