ఓడెక్కే ముందు ఒక్క మాట, చెల్లీ

“బాబుకి ఆటిజం అని రాసిచ్చారక్కా. ఈ దీవుల్లో ఏముంది గనక? వాణ్ణి తీసుకుని మెయిన్‌లాండ్ వెళ్ళిపోతాను.” మన అండమాన్ తెలుగిళ్ళలో ఆ కాగితం చేతికొచ్చిన రాత్రి ఈ మాట అనుకోని తల్లి ఉండదేమో. హడ్డో నుంచి వైజాగ్ ఓడ ఎప్పుడుందో కనుక్కుంటాం, చెన్నై విమానం టికెట్ ఎంతో చూస్తాం. ఆయన ఉద్యోగం ఇక్కడ, పెద్దదాని బడి ఇక్కడ. అక్కడ అద్దె ఎవరు కడతారు, వాడికి జ్వరమొస్తే పక్కన ఎవరుంటారు? నిద్ర పట్టదు. ముందు ఇలా కూర్చో తల్లీ. టీ తాగు. ఒక్కొక్కటీ చూద్దాం.

పరీక్ష కోసం, సలహా కోసం ఒకసారి వెళ్ళి రావడం మంచిదే. కానీ సంసారాన్ని రెండుగా కోసుకుని ఏళ్ళ తరబడి అక్కడ ఉండిపోవాలా? అక్కర్లేదనే చెప్తాను, ఊరికే ధైర్యం కోసం కాదు. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న 65 మంది పిల్లలతో ఒక పరిశోధన చేశారు. 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో అచ్చయింది. అందులో ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులకు నేర్పినవాళ్ళు పెద్ద పెద్ద డాక్టర్లు కారు, శిక్షణ తీసుకున్న మామూలు ఆరోగ్య కార్యకర్తలు. అమ్మ బిడ్డతో ఆడుతుంటే వీడియో తీసేవారు. తర్వాత ఇద్దరూ కూర్చుని చూసి, “ఇక్కడ వాడు నీ వైపు చూశాడు, నువ్వు గమనించలేదు” అని మెల్లగా చూపించేవారు. కొన్ని నెలలకు తల్లులు బిడ్డ దారిలోకి వెళ్ళి మాట కలపడం నేర్చుకున్నారు, పిల్లలు తమంతట తామే అమ్మను పలకరించే ప్రయత్నాలు పెరిగాయి. అన్నీ మారిపోయాయని వాళ్ళు చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ మన వంటింట్లో, మన చేతుల మీదుగా జరిగే పనికి బలం ఉందని తేలింది కదా?

ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం అనే సంస్థను 1991లో మొదలుపెట్టిన మెర్రీ బరువా కూడా ఒక ఆటిజం బిడ్డ తల్లే. అక్కడ బిడ్డతో పాటు అమ్మనో నాన్ననో కూడా తరగతిలో కూర్చోబెడతారు. కొన్నాళ్ళు నేర్చుకుని ఇంటికెళ్ళి వాళ్ళే చేసుకుంటారు. వెళ్ళదలిస్తే అలా వెళ్ళు, నేర్చుకుని తిరిగి రావడానికి.

ఇక రెండో భయం. “వారానికి నలభై గంటలు చేయించాలటగా?” ఆ లెక్క అమెరికాలో లోవాస్ అనే ఆయన 1987లో అచ్చువేసిన పరిశోధన నుంచి వచ్చింది. అక్కడ శిక్షణ పొందిన విద్యార్థులు వంతులవారీగా వచ్చి చేశారు. పైగా ఆ రోజుల్లో తప్పు చేస్తే గట్టిగా కసరడం, కొట్టడం కూడా అందులో భాగమే. దాన్ని ఈ రోజు ఎవరూ సమర్థించరు, మన ఇంట్లోకి అసలు రానివ్వం. వంట, బట్టలు, ఇంకో బిడ్డ ఉన్న ఇంట్లో ఒక్క మనిషి నలభై గంటలు ఎలా చేస్తుంది? రోజుకో అరగంట కూర్చుని ఆడు. మిగతాది స్నానంలో, అన్నం దగ్గర, చెప్పులు వేసుకునేటప్పుడు జరిగిపోతుంది.

మొదట ఏం నేర్పాలి? అ ఆలూ కాదు, రంగుల పేర్లూ కాదు. అడగడం నేర్పు. మన బిడ్డల ఏడుపుల్లో సగం అడగలేని ఏడుపులే. వాడికిష్టమైన బిస్కెట్లు పారదర్శకంగా ఉండే డబ్బాలో పెట్టి మూత గట్టిగా బిగించు. వాడు నీ చెయ్యి లాగుతాడు. నువ్వు వాడి ఎత్తుకు కిందికి కూర్చుని డబ్బా పట్టుకుని ఆగు. మనసులో ఐదు లెక్కపెట్టు. ఈ ఆగడమే మనకి రాదు చూశావా, వాడు నోరు తెరవకముందే మనమే అన్నీ అందించేస్తాం. వాడు చిన్న శబ్దం చేసినా, చెయ్యి చాపినా, డబ్బా వైపు చూసి నీ వైపు చూసినా “ఇవ్వు” అని నువ్వే ఒకసారి అని వెంటనే ఇచ్చెయ్. మొత్తం బిస్కెట్ కాదు, చిన్న ముక్క. అప్పుడు మళ్ళీ అడగాల్సిన పని పడుతుంది. మాట రాకపోతే బొమ్మ ఇవ్వనీ. బిస్కెట్ ప్యాకెట్ ఫొటో తీసి అట్టకి అంటించు, అది నీ చేతిలో పెడితే బిస్కెట్ వస్తుందని వాడికి తెలిసేలా చెయ్. బొమ్మలిస్తే మాటలు రావేమోనని భయపడకు. ఆ భయం నిజం కాదు, అడిగితే దొరుకుతుందని తెలిసిన బిడ్డకే మాట మీద ఆశ పుడుతుంది.

పనులు నేర్పేటప్పుడు చివరి నుంచి మొదలుపెట్టు. నిక్కరు మోకాళ్ళ దాకా నువ్వే ఎక్కించి, ఆ కాస్తా పైకి లాక్కోవడం వాడికి వదులు. లాక్కున్నాడా, వాటేసుకో, గిరగిరా తిప్పు, వాడికి ఏదిష్టమైతే అది ఆ క్షణమే చెయ్. రేపు మోకాళ్ళ కింద నుంచి, తర్వాత పాదాల నుంచి. ప్రతిసారీ పని పూర్తిచేసిన గెలుపు వాడిదే అవుతుంది. నువ్వు పట్టిన చెయ్యిని మాత్రం మెల్లమెల్లగా వదులుతూ రావాలి, లేదంటే అమ్మ చెయ్యి తగిలితేనే కదిలే అలవాటు పడిపోతుంది.

అల్లరి, కొట్టుకోవడం, కేకలు... ఇదే కదా మనల్ని ఏడిపించేది? ఒక నోటుబుక్కు పెట్టుకో. కేక పెట్టేముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, ఆ వెంటనే మనమేం చేశాం. మూడే గడులు. వారం రాసి చూడు, కారణం కనబడుతుంది. ఏదో కావాలి, లేదా ఏదో పని తప్పించుకోవాలి, లేదా మనం తన వైపు చూడాలి, లేదా ఆ పనే వాడి ఒంటికి హాయిగా ఉంది. ఎక్కువగా ఈ నాలుగింటిలోనే ఉంటుంది. స్నానం అనగానే తల గోడకేసి కొట్టుకుంటున్నాడా? అప్పుడు స్నానం ఆపేస్తున్నామా? అయితే తల కొట్టుకుంటే స్నానం తప్పుతుందని మనమే నేర్పినట్టు. దానికి బదులు “ఆపు” అని చేత్తో సైగ నేర్పు. సైగ చేస్తే నిజంగానే కాసేపు ఆపు, తర్వాత రెండు చెంబులు పోసి ముగించు. కానీ ఇదంతా మొదలుపెట్టకముందు జి.బి. పంత్ ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించు. చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం ఉన్నా నోరులేని బిడ్డ తలే కొట్టుకుంటాడు. నొప్పికి మందు పడాలి గానీ పాఠం కాదు.

ఒక సంగతి ముందే చెప్పి పెడతాను. అబర్డీన్ బజార్లో కూల్‌డ్రింక్ కోసం కేకలు పెడితే ఇన్నాళ్ళూ కొనిచ్చాం. రేపటి నుంచి కేకలకి ఇవ్వం అనుకున్నావా, మొదటి రోజుల్లో కేకలు తగ్గవు, ఇంకా పెరుగుతాయి. పద్ధతి పనిచెయ్యడం లేదని మధ్యలో లొంగిపోయావో, ఇంకా గట్టిగా అరిస్తే దొరుకుతుందని వాడికి తెలిసిపోతుంది. కాబట్టి బజారుకి వెళ్ళకముందే బొమ్మ చూపించి అడగడం నేర్పి, బాగా అడిగితే కొనివ్వు. తాతగారికి కూడా చెప్పు. ముసలి మనసు, కళ్ళనీళ్ళు చూడలేక చాటుగా ఇచ్చేస్తారు. ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి.

చేతులు ఆడిస్తుంటే, గెంతుతుంటే? ఎవరికీ దెబ్బ తగలనప్పుడు ఆడించుకోనీ తల్లీ. అది వాడి సంతోషం, ఒక్కోసారి వాడి ఊపిరి. గడ్డం పట్టుకుని “నా కళ్ళలోకి చూడు” అని బలవంతం చెయ్యకు. అలా పెరిగి పెద్దయిన ఆటిజం ఉన్నవాళ్ళు ఎంతోమంది ఆ బలవంతం తమనెంత బాధపెట్టిందో రాశారు, చెప్పారు. మనం వాణ్ణి పక్కింటి పిల్లాడిలా కనబడేట్టు చెయ్యడానికి ఇదంతా చెయ్యడం లేదు. వాడికి కావలసింది వాడు అడగగలగాలి, వాడి పని వాడు చేసుకోగలగాలి.

ఇక మన దీవుల సొంత గొడవ, భాష. గుమ్మం దాటితే హిందీ, పక్కింట్లో బెంగాలీ, ఎదురింట్లో తమిళం, ఇంట్లో తెలుగు. “ఒక్క హిందీయే మాట్లాడండి, తికమకపడతాడు” అని ఎవరో ఒకరు అనే ఉంటారు నీతో. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. నువ్వు సోంపేట తెలుగులో వాణ్ణి ముద్దు చేసినంత బాగా హిందీలో చెయ్యగలవా? మనసారా వచ్చే భాషలోనే ఆడు, పాడు. నానమ్మ ఫోన్లో పలకరిస్తే వాడికి అర్థం కావద్దూ? థెరపీ చేసేవారు హిందీలో చెప్తే చెప్పనీ, వాళ్ళు వాడే నాలుగైదు మాటలు రాసుకుని ఇంట్లో తెలుగు మాట పక్కన ఒకసారి అను, చాలు.

ఇప్పుడు చెప్పేది మాత్రం శ్రద్ధగా విను, ఇది వాయిదా వేసే పని కాదు. సముద్రం. ఆటిజం పిల్లల్లో చాలామందికి గబుక్కున ఇల్లు దాటి వెళ్ళిపోయే అలవాటు ఉంటుంది, నీళ్ళంటే విపరీతమైన ఆకర్షణ ఉంటుంది. అలా వెళ్ళిపోయిన పిల్లల మరణాలకు ప్రధాన కారణం మునిగిపోవడమేనని అమెరికాలో లెక్కలు చెప్తున్నాయి. మనకి వీధి చివరే నీళ్ళు, కొన్ని క్రీకుల్లో మొసళ్ళు కూడా. ఈ రోజే తలుపుకి వాడి చెయ్యి అందనంత ఎత్తులో గడియ పెట్టించు. గేటుకి గంట కట్టు. చొక్కా లోపలి వైపు ఫోన్ నంబరు కుట్టు. జంగ్లీఘాట్ చేపల రేవులోనో బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గరో ఉండే మనవాళ్ళకి వాడి ఫొటో చూపించి “వీడు ఒంటరిగా కనబడితే పట్టుకుని నాకు ఫోన్ చెయ్యండి” అని చెప్పు. సిగ్గెందుకు? “ఆగు” అంటే ఆగడాన్ని ఆటగా రోజూ ఆడించు. నడక, ఆగు, నడక, ఆగు. వీలైనంత త్వరగా ఈత నేర్పించు, ఈత వచ్చినా ఒంటరిగా వదలకు.

మన వాతావరణం సంగతీ ఉంది. మే నుంచి డిసెంబరు దాకా ఏదో ఒక వాన, గాలి లేస్తే రంగత్, హేవ్‌లాక్ ఓడలు రద్దు, మధ్యలో కరెంటు పోవడం. మార్పు తట్టుకోలేని బిడ్డకి ఇవన్నీ పిడుగులే. గోడ మీద రోజు పనుల బొమ్మలు వరసగా అంటిస్తాం కదా, వాటితో పాటు “మారింది” అని ఒక ఎర్ర కార్డు పెట్టు. అన్నీ బాగున్న రోజున, కావాలనే, చిన్న మార్పుతో ఆ కార్డు అలవాటు చెయ్. పార్కు బదులు ఐస్‌క్రీమ్ అన్నప్పుడు ముందు ఎర్ర కార్డు చూపించు. తర్వాత నిజంగా ఓడ రద్దయిన రోజున ఆ కార్డు పనికొస్తుంది.

ఒక్కదానివే అన్నీ తేల్చుకోవాలని కాదు సుమా. చెన్నై దగ్గర ముట్టుకాడులో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ నీప్‌ఎండీ కింద ఇక్కడే మన పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) వికలాంగుల సేవా కేంద్రం, సి.ఆర్.సి., ఉంది, ముందు అక్కడికి వెళ్ళు. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న మొదలయ్యాక వీడియోలో మాట్లాడుకోవడం మనకీ కుదురుతోంది. రెండు నిమిషాల ఆట వీడియో తీసి మెయిన్‌లాండ్‌లోని నిపుణురాలికి పంపి, ఆమెతో కలిసి చూసుకో. గోవా తల్లులు చేసింది దాదాపు అదే, వాళ్ళకి నేర్పేవాళ్ళు ఇంటికే వచ్చారు, అంతే తేడా.

స్టెమ్ సెల్ ఎక్కిస్తే నయమైపోతుందని ఎవరైనా లక్షలు అడిగితే లేచి వచ్చెయ్. ఆటిజానికి దాన్ని సిఫారసు చెయ్యలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. బంగారం తాకట్టు పెట్టొద్దు.

అత్తగారు “నీ పెంపకమే” అన్నారా? ఒకప్పుడు డాక్టర్లే తల్లుల ప్రేమ చాలక ఆటిజం వస్తుందని రాశారు. ఆ మాట తప్పని ఎన్నడో తేలిపోయింది. ఆవిడతో వాదన పెట్టుకోకు, బిస్కెట్ డబ్బా ఆవిడ చేతికివ్వు. మనవడు ఆవిణ్ణి అడిగిన రోజున ఆవిడే మారతారు. మీ ఆయన చేపల వేటకి పోయినా, పి.డబ్ల్యూ.డి.లో చేసినా, ఓడ మీద డ్యూటీ అయినా, ఇంట్లో ఉన్న రోజు సాయంత్రం అరగంట ఆయన వంతు. పెందలాడే చీకటి పడిపోయే ఊరు మనది, ఆ అరగంట నువ్వు వాకిట్లో ఊరికే కూర్చో. పెద్దదాన్ని టీచరుగా మార్చెయ్యకు, దానికీ అమ్మ కావాలి.

ఇంకొక్క పని ఉంది, కాగితాల పని. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. సికింద్రాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ తయారుచేసిన ఐ.ఎస్.ఎ.ఎ. అనే ఆటిజం కొలమానంతో చూసి వైకల్య సర్టిఫికెట్ ఇస్తారు. వైకల్యం నలభై శాతానికి తగ్గకుండా ఉంటే ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కు వస్తుంది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చుకీ అందులో కొంత వాటా ఉంది. ఆధార్, ఫొటోలు, ఆసుపత్రి కాగితాలు ఒక సంచిలో సర్ది పెట్టుకుని ఈ వారమే వైకల్య గుర్తింపు కార్డుకి, అదే యు.డి.ఐ.డి.కి, దరఖాస్తు పెట్టు, చెల్లీ.