మీటరు తప్పా? నీరు తప్పా?

మన కళాశాల ప్రయోగశాలలో పి.హెచ్. మీటరును చూడని విజ్ఞానశాస్త్ర విద్యార్థి ఉండడు. ఎలక్ట్రోడును బీకరులో ముంచి, నిలిచిన అంకెను వ్రాసికొని, రికార్డు పుస్తకముపై సంతకము చేయించుకొనుటతో మన పని ముగియును. ఆ అంకె తప్పైనచో పోవునవి రెండు మార్కులు మాత్రమే. అదే పరికరము తాప విద్యుత్కేంద్రములలో ఎనలైజరు అను పేరుతో బాయిలరునకు పోవు నీటిని రేయింబవళ్లు కాపలా కాయుచుండును. అక్కడ అంకె తప్పైనచో పోవునవి గొట్టములు.

పి.హెచ్. అను కొలతను 1909లో సోరెన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ప్రతిపాదించెను. 1934లో అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ నిమ్మరసపు ఆమ్లతను కొలుచుటకై మీటరును నిర్మించెను. నేటి బాయిలరు నీటి ఎనలైజరు ఆ నిమ్మరసపు మీటరునకు మనుమడే.

దాని సూత్రము సులభము. ప్రోబు చివరనున్న పలుచని గాజు బుడ్డి నీటిలోని హైడ్రోజన్ అయానులను బట్టి కొద్దిపాటి వోల్టేజిని పుట్టించును. పక్కనే పొటాషియం క్లోరైడు ద్రావణములో వెండి తీగగల నిర్దేశ ఎలక్ట్రోడు ఉండును. ఇది సన్నని రంధ్రములుగల సంధి ద్వారా నీటిని తాకుచుండును. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద పి.హెచ్. 7 అయినచో వోల్టేజి సుమారు సున్న. ఒక్కొక్క పి.హెచ్. తేడాకు 59.16 మిల్లీవోల్టులు మారును. అనగా 4 వద్ద సుమారు ధన 177, 10 వద్ద సుమారు ఋణ 177 మిల్లీవోల్టులు రావలెను. ఈ రెండంకెలను కంఠస్థము చేసిన విద్యార్థికి సగము మరమ్మతు వచ్చినట్లే.

కొన్ని సంవత్సరముల క్రితము శిక్షణ నిమిత్తము నేనొక కర్మాగారములో రెండు మాసములుంటిని. దాని పేరు ఇక్కడ అవసరము లేదు. అక్కడ కండెన్సరు గొట్టములు ఇత్తడివి. నీటిలో కొద్దిగా అమ్మోనియా కలిపి పి.హెచ్.ను 9 దగ్గర నిలుపుచుండిరి. ఒకనాడు ఎనలైజరు 9.0 చూపుచుండగా, బీకరులో పట్టి ప్రయోగశాలకు తెచ్చిన అదే నీరు 8.6 చూపెను. “ప్రయోగశాల అంకెయే ప్రమాణము” అని షిఫ్టు రసాయనశాస్త్రజ్ఞుడు ఎనలైజరు మరను త్రిప్పి 8.6కు దించెను. అంకె తగ్గినది గనుక అమ్మోనియా పెంచిరి. తెరపై మరల 9.0 వచ్చెను. లాగుబుక్కు ముత్యాలవలె ఉండెను. వారము తిరుగకముందే నీటి పరీక్షలో రాగి పెరుగసాగెను.

అందరును ‘ఉస్తాద్’ అని పిలుచు వృద్ధ మెకానిక్కు ఒకరుండిరి. ఆయన నన్ను వెంటబెట్టుకొని పోయి, “బేటా, మీటరును తరువాత అడుగుదాము, ముందు బఫరును అడుగు” అనిరి. ప్రోబును కడిగి కొత్తగా విప్పిన 7 బఫరులో ముంచగా 6.6 వచ్చెను. 10 బఫరులో 9.6 వచ్చెను. రెండింటను లోటు ఒక్కటే, 0.4. తరువాత మిల్లీవోల్టులు చూచితిమి. ఒకచోట దాదాపు సున్న, రెండవచోట ఋణ 176. మరను ఎంత త్రిప్పినను మిల్లీవోల్టులు మారవు. ప్రోబునకు ఏ రోగమును లేదు. రోగము త్రిప్పిన చేతిలో ఉన్నది. నిజమైన పి.హెచ్. అప్పటికి 9.4 అయి, అమ్మోనియా ఇత్తడిని తినుచుండెను.

మరి బీకరులో 8.6 ఏల వచ్చినది? అంత శుద్ధమైన నీటికి తన పి.హెచ్.ను నిలుపుకొను శక్తి బహు స్వల్పము. తెరచిన బీకరులో మెట్లెక్కి, వరండా దాటి, అరగంట బల్లపై నిలుచునప్పటికి అది గాలిలోని కార్బన్ డై ఆక్సైడును పీల్చి ఆమ్లము వైపు దిగిపోవును. ఎనలైజరు గాలి సోకని గొట్టములోని ప్రవాహమును కొలుచును. ఉష్ణోగ్రత మరియొక వంచన. అమ్మోనియా కలిసిన నీటి పి.హెచ్. ఒక్కొక్క డిగ్రీ వేడికి సుమారు 0.03 తగ్గును. పరికరములోని సాధారణ ఉష్ణోగ్రతా సవరణ ఎలక్ట్రోడు వోల్టేజిని మాత్రమే సరిదిద్దును, నీటిలో నిజముగా జరిగిన ఈ మార్పును కాదు. కావున నమూనాను 25 డిగ్రీల దగ్గరకు చల్లార్చియే కొలువవలెను.

ప్రోబు నిజముగా చెడినప్పుడు దాని లక్షణములు వేరు. ఏ బఫరులో ముంచినను 7 దగ్గరనే నిలిచినచో గాజు పగిలినదని గాని, కేబులులో తడి చేరినదని గాని అనుమానింపవలెను. గాజు నిరోధము పది కోట్ల ఓముల స్థాయిలో ఉండుటచే, కనెక్టరులోని చిన్న చెమ్మయు, వ్రేలి జిడ్డును సంకేతమును హరించును. అంకె మెల్లగా కదలినచో గాజుపై పూత పేరుకొన్నది, లేదా గాజు ముసలిదైనది. అంకె ఒకచోట నిలువక జారుచున్నచో నిర్దేశ ఎలక్ట్రోడు సంధి మూసికొనియుండవచ్చును. సున్నపు పూతకు పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లము, నూనె జిడ్డునకు సబ్బు నీరు చాలును. గాజును గుడ్డతో రుద్దరాదు, తడిని అద్ది తీయవలెను. శుభ్రము చేసినను రెండు బఫర్ల నడుమ వోల్టేజి తేడా, రావలసిన దానిలో నూటికి 85 పాళ్లకు లోపే ఉన్నచో ప్రోబును మార్చుటయే మేలు. పని లేనప్పుడు దానిని పొటాషియం క్లోరైడు ద్రావణములో నిలువయుంచవలెను. మన ప్రయోగశాలలో స్వేదనజలములో ఉంచు అలవాటున్నది. అది ఎలక్ట్రోడు ఆయువును తగ్గించు అలవాటు.

బఫరును సహితము గుడ్డిగా నమ్మరాదు. 10 బఫరు సీసాకు మూత లేనిచో అదియు గాలిని పీల్చి క్రమముగా దిగును. వాడిన బఫరును తిరిగి సీసాలో పోయరాదు. ఉస్తాద్ గారు సీసా విప్పిన తేదీని దాని మీదనే పెన్సిలుతో వ్రాసి పెట్టుచుండిరి.