మిగిలిన తొంభైకీ లెక్క ఉంది

ప్రియమైన షారోన్‌కు,



దశమభాగం తీసి పక్కన పెట్టాక మిగిలిన జీతాన్ని ఎందులో మదుపు చేస్తే వాక్యానుసారంగా ఉంటుందని అడిగావు. మన సంఘాల్లో ఈ ప్రశ్న అరుదుగా వినపడుతుంది. పదో వంతు మీద ప్రసంగాలకు కొదవ లేదు, మిగతా తొంభై శాతం మీద మాత్రం ఎవరూ నోరు విప్పరు. కానుక సంచిలో వేసిందే దేవునిది, మిగిలింది మన ఇష్టం అన్న లెక్క మనకు తెలియకుండానే స్థిరపడిపోయింది. నేను ఆ లెక్కను ఒప్పుకోను. మన దగ్గర ఉంచుకున్న సొమ్ము ఎక్కడ పనిచేస్తోంది, ఎవరి కష్టం మీద పెరుగుతోంది అన్నదానికీ విశ్వాసి జవాబు చెప్పాలి. నీ చదువూ నైపుణ్యమూ కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

మత్తయి 25వ అధ్యాయంలోని తలాంతుల ఉపమానం నీకు సండేస్కూలు నాటినుంచీ తెలుసు. తలాంతు అంటే చిల్లర డబ్బు కాదు. అది సుమారు ఆరువేల దేనారాలు, దేనారం ఒక కూలివాడి రోజు కూలి. అంటే ఒక్క తలాంతు దాదాపు ఇరవై ఏళ్ల కూలి. అంత సొమ్మును భూమిలో పాతిపెట్టినవాడిని, కనీసం సాహుకార్ల దగ్గర ఉంచినా వడ్డీ వచ్చేది కదా అని యజమాని మందలిస్తాడు. కాబట్టి మదుపు చేయడమే లోకాశ అనేవాళ్ల మాట నిలవదు. అలాగని ఎక్కువ సంపాదించినవాడే గొప్ప అని కూడా కాదు. ఐదు తలాంతులు సంపాదించినవాడికీ రెండు సంపాదించినవాడికీ దొరికిన మెప్పు ఒక్కటే. ఇక ఆ ఉపమానం ముగియగానే అదే అధ్యాయంలో తీర్పు వస్తుంది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టారా, చెరలో ఉన్నవాడిని చూడవచ్చారా అని రాజు అడుగుతాడు. ఈ రెంటినీ వేర్వేరు ఆదివారాల్లో బోధిస్తారు గనుక వేర్వేరు పాఠాల్లా తోస్తాయి. కలిపి చదివితే, సొమ్ము పెంచావా అన్న ప్రశ్న వెనకే, ఆ పెంచడంలో పేదవాడు ఏమయ్యాడన్న ప్రశ్న నిలబడి ఉంటుంది.

మరి ధర్మశాస్త్రం వడ్డీ వద్దన్నది కదా అని నువ్వు అడగవచ్చు. నిర్గమకాండం 22లో ఆ నిషేధం పేదవాడికి ఇచ్చే అప్పు గురించి. ద్వితీయోపదేశకాండం 24 ఇంకా ముందుకు వెళ్లి తిరగలిని తాకట్టు పట్టొద్దంటుంది. అది పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, అందుకని. 1545లో వడ్డీ మీద రాసిన లేఖలో సంఘ సంస్కర్త జాన్ కాల్విన్ ఈ తేడానే పట్టుకున్నాడు. వ్యాపారానికి తీసుకున్న సొమ్ము మీద లాభంలో వాటా అడగడం వేరు, గతిలేనివాడి నుంచి పిండుకోవడం వేరు అన్నాడు. 2010లో మన ఆంధ్రప్రదేశ్‌లో జరిగినదాన్ని ఈ కొలతతో చూడు. పొదుపు సంఘాల మహిళలకు మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఏడాదికి పాతిక, ముప్పై శాతం వడ్డీకి అప్పులిచ్చాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీలు ఇచ్చిన సందర్భాలున్నాయి. ఒకరు వారం వాయిదా కట్టలేకపోతే గ్రూపులోని మిగతావాళ్లే ఆమె గుమ్మం ముందు కూర్చునేవాళ్లు. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. దానికి కొద్ది నెలల ముందే ఆ రంగంలోని ఓ పెద్ద కంపెనీ షేర్ల కోసం మదుపరులు ఎగబడ్డారు. పేదలకు అప్పు దొరకడం మంచిదే, వడ్డీవ్యాపారుల గుప్పిట్లోంచి కొందరిని ఆ అప్పులే తప్పించాయి కూడా. తప్పు జరిగింది, తిరగలిని కూడా వదలని వేగంతో లాభం కావాలనుకున్నచోట. ఆ వేగాన్ని కోరుకున్నది షేరు కొన్నవాళ్లే.

నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే నీ ఐదు వేల సిప్‌తో ఏ కంపెనీ మారుతుందని స్నేహితులు అంటారు. నిజమే, మారదు. నువ్వు అమ్మితే ఇంకొకడు కొంటాడు. అయినా నువ్వు దేని మీద బతుకుతున్నావన్న ప్రశ్న అలాగే ఉంటుంది. 2013లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ, వాంగా అనే అప్పుల కంపెనీని ఎదిరిస్తానని ప్రకటించిన మర్నాటికే, తమ సంఘ నిధిలోని కొంత సొమ్ము పరోక్షంగా అందులోనే ఉందని బయటపడింది. వందల కోట్ల పౌండ్ల నిధిలో అది సుమారు 75 వేల పౌండ్లు. ఆయన అది చిన్న మొత్తమని తప్పుకోలేదు, సిగ్గుపడుతున్నామని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది సంఘం దాన్ని వదిలించుకుంది. మరి పూర్తిగా మచ్చలేని డబ్బు ఎక్కడుంది, బ్యాంకు కూడా నా డిపాజిట్‌ను సారా వ్యాపారికి అప్పిస్తుంది కదా అంటావా? కొరింథీయులకు రాస్తూ పౌలు, అంగట్లో అమ్మే మాంసం గురించి ఆరాలు తీయొద్దన్నాడు. ఇది విగ్రహాలకు అర్పించిందని ఎవరైనా చెబితే మాత్రం తినొద్దన్నాడు. ఆ స్వేచ్ఛకు హద్దు ఎదుటివాడి మేలు. ప్రతి రూపాయి వెంటా పరిగెత్తనక్కర్లేదు. కానీ ఏ కంపెనీల్లో డబ్బు పెట్టిందీ ఫండ్లు నెలనెలా ప్రకటిస్తాయి. నిఫ్టీ 50 ఫండ్ కొంటే సిగరెట్లు అమ్మే ఐటీసీ కూడా నీ చేతికి వస్తుంది. తెలిశాక తెలియనట్టు ఉండలేం. దాన్ని తప్పించే ఫండ్‌లో ఒక్కోసారి రాబడి తగ్గవచ్చు. తగ్గితే తగ్గనీ.

షేర్ల ధరల మీద పందెం లాంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్ జోలికి మాత్రం పోవద్దు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఇందులో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క తేల్చింది. అక్కడ నీకొచ్చేది మరొకడి జేబులోంచి పోయిందే. ఇంత విత్తితే నూరంతలు వస్తుందంటూ కానుకలు అడిగేవాళ్లదీ నా దృష్టిలో ఆ ఆశే, పరిశుద్ధమైన మాటల్లో.

ఇక నీ పెద్ద మదుపు సిప్ కాదు, వారానికి నలభై గంటలు నువ్వు ఆఫీసుకిచ్చే బుర్ర. 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు లోన్ యాప్‌ల కాల్‌సెంటర్ల మీద దాడులు చేసినప్పుడు, ఫోన్లోని నంబర్లూ ఫొటోలూ లాగి బంధువుల ముందు పరువు తీసే తంతు బయటపడింది. ఆ కోడ్ రాసింది నీలాంటి చదువుకున్నవాళ్లే. దీనికి ఎదురుగా ఒంగోలు మిషనరీ జాన్ క్లౌను పెట్టి చూడు. యౌవనంలో అమెరికాలో సర్వే పని నేర్చినవాడు. 1876–78 కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని ఇచ్చాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరవు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కొలత గొలుసు పట్టడం భక్తికి సంబంధం లేని పని అని ఆయన అనుకోలేదు.

నీ ఫండ్‌లో ఈ నెల ఏ కంపెనీలున్నాయో జాబితా దించుకుని చదువు. నీ టీమ్ చేస్తున్న ప్రాజెక్టు చివరికి ఎవరి చేతిలోకి వెళ్తుందో మేనేజరును అడుగు. అర్థంకాని పేర్లుంటే నాకు రాయి, ఇద్దరం కలిసి చూద్దాం.

ప్రేమతో,
పెద్దనాన్న