యంత్రాన్ని రూపొందించే యంత్రం

కుమ్మరి సారెపై మట్టిముద్దను ఉంచక ముందే కుండ ఆకృతి అతని మనస్సులో సిద్ధంగా ఉంటుంది. వడ్రంగి ఉలి చేతపట్టక ముందే నాగలి కొలతలు అతనికి తెలిసి ఉంటాయి. ఆలోచన ముందు, వస్తువు తరువాత. మానవుడు నిర్మించిన ప్రతి పనిముట్టుకూ ఇదే క్రమం. కంప్యూటర్ వచ్చిన తరువాత కూడా చాలాకాలం ఈ క్రమం మారలేదు. ఇంజనీరు ఊహించిన రూపాన్ని అది చక్కగా గీసి చూపింది, కొలతలను లెక్కకట్టింది. ఊహించే పని మాత్రం మనిషిదిగానే ఉండిపోయింది. ఆ పనిని కూడా కంప్యూటర్‌కు అప్పగించడం సాధ్యమేనా అన్న ప్రశ్న నుండి పుట్టినదే రోబోల స్వయంచాలిత రూపకల్పన.

‘రోబో’ అన్న మాటకు మూలం చెక్ భాషలోని ‘రోబోటా’. వెట్టిచాకిరి అని దాని అర్థం. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన నాటకం ద్వారా ఈ మాట లోకానికి పరిచయమైంది. 1961లో అమెరికాలోని ఒక కార్ల కర్మాగారంలో ‘యూనిమేట్’ అనే యంత్రహస్తం పనిలో చేరడంతో నాటకంలోని ఊహ పరిశ్రమలోకి ప్రవేశించింది.

రోబో నిర్మాణం సులభమైన పని కాదు. దానికి ఎన్ని కాళ్ళుండాలి? ఒక్కొక్క కాలు ఎంత పొడవుండాలి? కీళ్ళు ఎక్కడ అమర్చాలి? మోటారుకు ఎంత శక్తి అవసరం? వీటిలో ఏ ఒక్కటి మార్చినా మిగిలినవన్నీ మార్చవలసి వస్తుంది. కాలు పొడవైతే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే మోటారు పెద్దది కావాలి. మోటారు పెద్దదైతే నడకను నియంత్రించే ఆదేశాలు కూడా మారాలి. ఇన్ని అంశాలు కలిసి ఏర్పరచగల రూపాలు లెక్కకు అందవు. ఒక మనిషి తన జీవితకాలంలో వాటిలో కొన్నింటిని మాత్రమే పరీక్షించగలడు.

ఈ చిక్కుకు శాస్త్రజ్ఞులు ప్రకృతిలో సమాధానం వెదికారు. 1859లో ఛార్లెస్ డార్విన్ ప్రకటించిన ప్రకృతివరణ సిద్ధాంతం ప్రకారం, జీవులలో తరతరానికీ చిన్న చిన్న మార్పులు కలుగుతాయి. పరిసరాలకు తగిన మార్పులు నిలుస్తాయి, తగనివి నశిస్తాయి. రైతు పంటలో మేలైన కంకులను ఏరి మరుసటి ఏటికి విత్తనంగా దాచుకోవడంలో ఉన్నదీ ఇటువంటి ఎంపికే. ఈ సూత్రాన్ని గణనవిధానంగా మలచిన వారిలో ముఖ్యుడు జాన్ హాలండ్. ఆయన 1975లో వెలువరించిన గ్రంథంతో ‘జెనెటిక్ అల్గారిథమ్’ అనే పద్ధతికి బలమైన పునాది ఏర్పడింది.

1994లో కార్ల్ సిమ్స్ ఈ పద్ధతిని కంప్యూటర్‌లోని కల్పిత జీవులకు అన్వయించాడు. దిమ్మెలను కీళ్ళతో కలిపినట్లుండే ఆ జీవులు తరాలు గడిచేకొద్దీ ఈదడం, నడవడం, దూకడం నేర్చాయి. అయితే అవి తెరపై బొమ్మలే. వాటిని చేతితో తాకడం సాధ్యం కాదు.

ఆ గీతను దాటినవారు అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయానికి చెందిన హాడ్ లిప్సన్, జోర్డాన్ పొలాక్. వారి పరిశోధన 2000 ఆగస్టు 31న ‘నేచర్’ పత్రికలో వెలువడింది. వారు కంప్యూటర్‌కు ఏ రూపాన్నీ సూచించలేదు. కడ్డీలు, కీళ్ళు, మోటార్లు, కృత్రిమ నాడీకణాలు మాత్రమే ముడిసరుకుగా ఇచ్చారు. ఎక్కువ దూరం కదిలిన యంత్రమే మేలైనదని ఒక్క నియమం పెట్టారు. 200 యంత్రాల సమూహం వందలాది తరాలు మార్పు చెందింది. మేలైనవిగా తేలిన కొన్ని యంత్రాలను త్రిమితీయ ముద్రణ యంత్రం ప్లాస్టిక్‌తో తయారుచేసింది. వాటికి మోటార్లు బిగించడం మాత్రమే మనుషులు చేసిన పని. ఆ యంత్రాలు నేలపై పాకాయి.

అయితే కొన్ని యంత్రాలు కంప్యూటర్‌లో కదిలినంత దూరం నేలపై కదలలేకపోయాయి. కంప్యూటర్‌లోని నేల లెక్కలతో అల్లినది. నిజమైన నేలకు జారుడు ఉంటుంది, గరుకు ఉంటుంది. అనుకరణకూ వాస్తవానికీ మధ్య ఉన్న ఈ అంతరమే ఈ రంగంలోని ప్రధాన సమస్యలలో ఒకటి. దీనిని తగ్గించే దిశగా 2006లో లిప్సన్, బొంగార్డ్, జైకోవ్ ఒక నాలుగు కాళ్ళ రోబోను నిర్మించారు. అది తన కదలికలను గమనించి తన శరీరం ఎలా ఉందో తానే ఊహించుకొనేది. ఒక కాలిలో కొంత భాగం తొలగించినా, ఆ మార్పును గుర్తించి కొత్త నడకను కనిపెట్టుకొన్నది.

2023లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో శామ్ క్రీగ్‌మన్ బృందం మరో ముందడుగు వేసింది. వారి సాఫ్ట్‌వేర్ గుడ్డిగా మార్పులు చేయక, ఏ మార్పు నడకకు మేలు చేస్తుందో గణిస్తూ సాగింది. సబ్బుబిళ్ళంత దిమ్మె నుండి మొదలై, 26 సెకన్లలో నడవగల రోబో రూపాన్ని సాధించింది. దానికి కాళ్ళుండాలని ఎవరూ చెప్పలేదు. అయినా మూడు కాళ్ళు ఏర్పడ్డాయి.

ఇంత వేగం చూసినప్పుడు మనిషి అవసరం తీరిపోయిందని అనిపించవచ్చు. కాని సిమ్స్ ప్రయోగంలోని ఒక సంఘటన వేరొక సత్యాన్ని చెబుతుంది. వేగంగా కదిలే జీవులు కావాలని ఆయన కోరినప్పుడు, కొన్ని జీవులు నడక నేర్వలేదు. తాటిచెట్టులా పొడవుగా పెరిగి, ఒక్కసారిగా నేలకు ఒరిగాయి. పడుతున్నప్పుడు వచ్చిన వేగమే వాటి గెలుపు. నియమాన్ని అవి తప్పలేదు. ఆ నియమంలో కోరినవాని ఉద్దేశం పూర్తిగా లేకపోవడమే అసలు లోపం.

కంప్యూటర్ మాటను పాటిస్తుంది, మనసును గ్రహించదు. ఆటబొమ్మ విషయంలో ఇది నవ్వు తెప్పించవచ్చు. శిథిలాల కింద చిక్కుకొన్న మనుషులను వెదికే రోబో విషయంలో అదే లోపం ప్రాణాల మీదికి తెస్తుంది. వేగంగా వెళ్ళమని మాత్రమే చెప్పి, ఎవరినీ గాయపరచవద్దని చెప్పకపోతే ఆ బాధ్యత యంత్రానిది కాదు. కాబట్టి రూపకల్పన యంత్రం చేతికి వెళ్ళినకొద్దీ మనిషి పని తేలిక కాలేదు, దాని స్వరూపం మారింది. ఎలా చేయాలన్నది యంత్రం వెదుకుతుంది. ఏది చేయాలి, ఏది చేయకూడదు, ఎందుకు చేయాలి అన్నవి నిర్ణయించవలసింది మనిషే.

కఠిన పదాలు – అర్థాలు
సారె = కుమ్మరి చక్రం
ఆకృతి = రూపం
ప్రకృతివరణం = పరిసరాలకు తగిన జీవులు నిలిచే సహజమైన ఎంపిక
అంతరం = తేడా
శిథిలాలు = కూలిన కట్టడాల అవశేషాలు

ప్రశ్నలు
1. రోబో రూపకల్పనలో ఎదురయ్యే చిక్కులను వివరించండి.
2. లిప్సన్, పొలాక్ జరిపిన ప్రయోగాన్ని సంగ్రహంగా రాయండి.
3. ‘కంప్యూటర్ మాటను పాటిస్తుంది, మనసును గ్రహించదు’ – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.