ఫోర్ వీల్ డ్రైవ్‌లో బలం పంపకం



ఐ.టి.ఐ., డిప్లొమా మెకానికల్ చదివే మన పిల్లలను "ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు టార్క్ ఎంతెంత పోతుంది?" అని అడిగితే ఎక్కువమంది "చెరి సగం" అంటారు. జీపు విషయంలో ఈ జవాబుకు నేనైతే మార్కులు వేయను.

టార్క్ అంటే తిప్పే బలం. గేర్‌బాక్స్ నుంచి వచ్చే ఆ బలాన్ని రెండు ఇరుసులకూ అందించే పెట్టె ట్రాన్స్‌ఫర్ కేస్. మహీంద్రా థార్, మారుతి జిప్సీ వంటి బండ్లలో లివర్ వేయగానే ముందు షాఫ్టు, వెనుక షాఫ్టు ఒకదానితో ఒకటి బిగుసుకుంటాయి. అప్పుడు సమానమయ్యేది వేగం, టార్క్ కాదు. టార్క్ పట్టు ఉన్న వైపుకే ఎక్కువగా పోతుంది.

ముందు చక్రాలు బురదలో ఉన్నాయనుకోండి. అక్కడ 300 న్యూటన్ మీటర్లు దాటితే చక్రం జారుతుంది. వెనుక గట్టినేల, 1200 దాకా ఆగుతుంది. షాఫ్టులు బిగిసి ఉంటే మొత్తం 1500 వాడుకోవచ్చు. అదే మధ్యలో మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో పంపకం నిజంగానే చెరి సగం. ముందు 300 మించదు కనుక వెనుకకూ 300 మాత్రమే. మొత్తం 600! అందుకే అలాంటి కొన్ని బండ్లకు ఆ డిఫరెన్షియల్‌ను బిగించే లాక్ కూడా ఇస్తారు.

మరి ఎప్పుడూ బిగించే ఉంచవచ్చు కదా? మలుపు దగ్గర చిక్కు వస్తుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 2.45 మీటర్లు, వెనుక ఇరుసు మధ్యభాగం తిరిగే వ్యాసార్ధం 5 మీటర్లు అనుకుందాం. పైథాగరస్ సూత్రం ప్రకారం ముందు ఇరుసు వ్యాసార్ధం 5.57 మీటర్లు. అర్ధవృత్తం తిరిగేసరికి వెనుకది 15.7, ముందుది 17.5 మీటర్లు నడవాలి. షాఫ్టులేమో సమానంగానే తిరుగుతున్నాయి. బురదలో చక్రం కాస్త జారి ఈ తేడాను సర్దుకుంటుంది. ఎండిన తారురోడ్డు మీద జారడం కష్టం. ఆ ఒత్తిడంతా షాఫ్టుల్లో, గేర్లలో మెలిపడుతుంది. లివర్ వెనక్కి రాకుండా పట్టేసేది అందుకే.

తల్లిదండ్రులకు ఒక మాట. మన జాలహళ్ళి, దేవదుర్గ వైపు నల్లరేగడిలో దమ్ము చేసే ఫోర్ వీల్ ట్రాక్టర్లలో ముందు చక్రాల అంచు వెనుకవాటి కంటే కొద్దిగా వేగంగా నడిచేలా గేర్లు పెడతారు. మడిలో అది లాగుడుకు మంచిదే. అదే డ్రైవ్‌తో తారురోడ్డు ఎక్కితే ముందు టైర్ల గడ్డలు త్వరగా అరిగిపోతాయి. టైర్లు మార్చేటప్పుడు ఒక ఇరుసుకు మాత్రమే వేరే కొలత వేయించినా ఈ లెక్క చెడిపోతుంది. కంపెనీ పుస్తకంలో ఇచ్చిన జత కొలతలే అడిగి తీసుకోండి.

విద్యార్థులకు అభ్యాసం: ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు, వెనుక వ్యాసార్ధం 4 మీటర్లు ఉన్న ట్రాక్టర్ పొలం చివర అర్ధవృత్తం తిరిగితే, ముందు ఇరుసు ఎంత ఎక్కువ దూరం నడవాలి?