పోటీ విపణిలో ప్రబల సంస్థ: కెన్యా దేశపు మొబైల్ ఫోన్ రంగము

విపణిలో పలువురు అమ్మకందారులు ఉన్నంత మాత్రమున పోటీ ఉన్నదని చెప్పజాలము. కొనుగోలుదారు ఒకరిని విడిచి మరొకరి వద్దకు నష్టపడకుండ పోగలిగినప్పుడే అది నిజమైన పోటీ. ఈ సూత్రమును మొబైల్ ఫోన్ రంగమునకు అన్వయించి, ఆఫ్రికా ఖండమందలి కెన్యా దేశపు అనుభవము ఆధారముగా పరిశీలింతము.

సంస్థ పెద్దదగుట నేరము కాదు. మంచి సేవచేసి ఖాతాదారులను సంపాదించుకొనుట వ్యాపార ధర్మమే. ఆ పెద్దరికముతో ఇతరులకు దారి మూయుటయే దోషము. అయితే ఫోన్ రంగమున ఈ రెండింటిని వేరుచేయుట సులభము కాదు. ఎక్కువమంది ఉన్న చోటికే క్రొత్తవారును చేరుట ఇచ్చట సహజము.

ఒక సంస్థ ఖాతాదారు మరొక సంస్థ ఖాతాదారునకు ఫోన్ చేసినప్పుడు, మొదటి సంస్థ రెండవదానికి నిమిషమునకు కొంత రుసుము చెల్లించును. ఈ రుసుము హెచ్చుగా ఉన్నచో ఇతర సంస్థలకు చేయు కాల్ ఖరీదగును. చిన్న సంస్థవారు చేయు కాల్స్‌లో అధికభాగము బయటికే పోవును గనుక, ఆ భారము దానిపైననే ఎక్కువగా పడును.

కెన్యాలో సఫారీకామ్ ప్రబల సంస్థ. 2010లో అక్కడి నియంత్రణ సంస్థ ఈ రుసుమును 4.42 షిల్లింగుల నుండి 2.21 షిల్లింగులకు తగ్గించినది. ఆ సంవత్సరమే మన దేశపు భారతీ ఎయిర్‌టెల్, జెయిన్ సంస్థవారి ఆఫ్రికా వ్యాపారమును కొని అచ్చట ప్రవేశించినది. కాల్ ధరలు పడిపోయినవి. 2011లో నంబరు మారకుండ సంస్థను మార్చుకొను సదుపాయము కూడ కల్పింపబడినది. అయినను సఫారీకామ్ అగ్రస్థానము చెదరలేదు. 2014లో ఎస్సార్ వారి ‘యు’ సంస్థ కెన్యా విపణి నుండియే వైదొలగినది.

కారణమేమి? 2007లో సఫారీకామ్ ‘ఎం-పెసా’ను ప్రారంభించినది. బ్యాంకు ఖాతా లేని పేదవారును ఫోన్ ద్వారా డబ్బు పంపుకొనగల పద్ధతి ఇది. దీని మేలు కాదనరానిది. కాని సంస్థను మార్చినచో నంబరు వెంట వచ్చును, ఎం-పెసా ఖాతా రాదు. పట్టణమున కూలిచేయు కుమారుడు పల్లెలోని తల్లికి పంపు సొమ్ము ఆ దారిననే పోవుచుండగా, కాల్ చౌకయని ఎవరు మాత్రము సంస్థను మార్తురు? నియంత్రణ సంస్థ ఒక తలుపు తెరచినది; తాళము వేరొక తలుపునకు ఉన్నది.

ఆ తాళము ఆలస్యముగా, కొంచెము కొంచెముగా తెరువబడినది. ఎం-పెసా ఏజెంట్లు ఇతర సంస్థలకు కూడ పనిచేయవచ్చునని 2014లో అంగీకారము కుదిరినది. సఫారీకామ్, ఎయిర్‌టెల్ ఖాతాల మధ్య నేరుగా డబ్బు పంపుకొను ఏర్పాటు 2018లో గాని రాలేదు. అనుసంధాన రుసుమును 0.99 నుండి 0.12 షిల్లింగునకు తగ్గింపవలెనని 2021 డిసెంబరులో వెలువడిన ఉత్తర్వును సఫారీకామ్ అప్పీలులో ఎదిరించినది. తుదకు 2022లో అది 0.58గా స్థిరపడినది.

ఇంకొక చిక్కు కలదు. 2008లో వాటాలు ప్రజలకు అమ్మిన పిదపను కెన్యా ప్రభుత్వము చేత సఫారీకామ్‌లో 35 శాతము మిగిలినది. లాభములో పాలు పంచుకొను ప్రభుత్వమే న్యాయము చెప్పవలసి వచ్చినప్పుడు, కంచెయే చేను మేయునేమోయన్న సందేహము ప్రజలకు కలుగుట సహజము.

ప్రబల సంస్థలు చెప్పు వాదమును త్రోసిపుచ్చరాదు. విజయమునకు శిక్ష వేసినచో మారుమూల పల్లెలలో టవర్లు ఎవరు కట్టుదురని వారి ప్రశ్న. అందుచేత పెద్ద సంస్థను ముక్కలు చేయుటకంటె, దానిని విడిచిపోవు దారులను తెరచియుంచుట మేలని మేము భావించుచున్నాము. ఆ దారులును సంస్థ వేళ్లూనక మునుపే తెరువవలెను. మన దేశమున 2016లో వచ్చిన యూపీఐ పద్ధతిలో డబ్బు పంపుట ఏ ఒక్క ఫోన్ సంస్థకును కట్టుబడి యుండలేదు. వాణిజ్య విద్యార్థులు ఈ రెండింటిని పోల్చి చూచినచో, విపణిలో స్వేచ్ఛ యనునది అమ్మువారి సంఖ్యలో కాక కొనువారి చేతిలో ఉన్నదని స్పష్టమగును.