కంటిలో పురుగుల మందు పడినప్పుడు



బళేపేటలో కాపురముండే మనకు పురుగుల మందు పాఠము దేనికని కొందరనవచ్చును. అంగళ్ళలో, గోదాములలో చెదలకు, బొద్దింకలకు మందు కొట్టేవారు మనలో లేరా? పంట పనులకు ఊరికి వెళ్ళి ప్రత్తిచేలో, మిరపచేలో పంపు వీపున వేసుకొనేవారు లేరా? 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ప్రత్తికి మందు కొట్టినవారిలో సుమారు ఇరవై మంది చనిపోయారు. చూపు దెబ్బతిన్నవారు కూడా ఉన్నారు.

కంటిలో మందు పడగానే మొదట ఎక్కడికి పోవాలి? ఆటో దగ్గరకా, కుళాయి దగ్గరకా? కుళాయి దగ్గరకే. చామరాజపేటలోని మింటో కంటి ఆసుపత్రి మనకు దగ్గర గనుక వెంటనే పరుగెత్తాలనిపిస్తుంది. కాని మార్కెట్టు రద్దీలో ఆటో ఆగిన ప్రతి నిమిషమూ మందు కంటిని కాలుస్తూనే ఉంటుంది.

కడగడమంటే నాలుగు దోసిళ్ళు చల్లుకోవడం కాదు. మందు పడిన కన్ను క్రిందికి వచ్చేలా తల ప్రక్కకు వంచి, రెప్పలు విప్పి పట్టుకొని, ముక్కు వైపు నుండి చెవి వైపుకు నీరు మెల్లగా పారనివ్వాలి. రెండవ కంటిలోనికి పోరాదు. పట్టుకొనేవారి చేతులకు మందు అంటి ఉండకూడదు. కనీసం 15 నిమిషాలు, 20 అయితే మరీ మంచిది. గడియారం చూచి లెక్కపెట్టండి, ఎందుకంటే బాధలో మూడు నిమిషాలే ముప్పావు గంట అనిపిస్తుంది. మంట తగ్గిందని ముందుగా ఆపకండి. కాంటాక్ట్ లెన్సు ఉంటే కడుగుతూనే తీసివేయాలి. కుళాయి ఎప్పుడు ఆగునో చెప్పలేము గనుక, మందు డబ్బా మూత తీయక మునుపే రెండు బిందెల మంచినీళ్ళు ప్రక్కన ఉంచుకోవలెను.

కన్ను నలపరాదు. ఆముదము, చనుబాలు, ఇంట్లో మిగిలిపోయిన చుక్కలు వేయరాదు. పెద్దవారు ప్రేమతోనే చెబుతారు, అయినా ఈ ఒక్క విషయంలో వినకండి. మందు పడిన బట్టలు విప్పి, ఒళ్ళు, తల సబ్బుతో కడగాలి.

కడిగిన తరువాత, నొప్పి లేకున్నా, డాక్టరుకు చూపించవలెను. డబ్బా వెంట తీసుకొనిపోండి. దాని మీది త్రికోణము ఎరుపైతే అత్యంత విషము, తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. విరుగుడు పేరు కూడా దాని మీదనే ఉంటుంది. కొన్ని మందులు కంటి ద్వారానే ఒంటికెక్కుతాయి. చెమటలు, నోట చొంగ, వాంతి, ఆయాసము, కంటిపాప సూదిమొనంత కావడం కనిపిస్తే అది ఇక కంటి జబ్బు మాత్రమే కాదు. 108కి ఫోను చేసి, విక్టోరియా వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికే తీసుకొనిపోవలెను. ఊరిలోనైనా నంబరు అదే.